వెనక ఇరుసుకు వంకర... ముందు టైరుకు శిక్ష!

హైవే మీద బస్సులో వెళ్తున్నప్పుడు ముందు సీటు దొరికితే ఓ పని చేయండి. ఎదురుగా పోతున్న లారీల్ని వెనక నుంచి కాస్త శ్రద్ధగా చూడండి. చాలా లారీలు గీత గీసినట్టు తిన్నగా పోతుంటాయి. వెనక తలుపు, దానిమీద రాసిన ‘సౌండ్ హారన్’ తప్ప మరేమీ కనిపించదు. ఎక్కడో ఒక్కటి మాత్రం అలా పోదు. మీరు సరిగ్గా దాని వెనకే ఉన్నా ఎడమ పక్క చెక్కలు కూడా కనిపిస్తుంటాయి. ముందు చక్రాలది ఒక దారి, వెనక చక్రాలది మరో దారి. రోడ్డేమో తిన్నగా ఉంది... లారీ మాత్రం జాతరలో భుజం పెట్టి జనంలోకి దూరే మనిషిలా ఏటవాలుగా పోతోంది!

పరుగెత్తే కుక్క నడుము కూడా ఇలాగే పక్కకి తిరిగి ఉంటుందని ఇంగ్లిషువాళ్లు దీనికి ‘డాగ్ ట్రాకింగ్’ అని పేరు పెట్టారు. మన డ్రైవర్లకి అంత పేరెందుకు? ‘బండి అడ్డంగా పోతోంది’ అంటారు, సరిపోతుంది.

చూసేవాళ్లకి అదో వింత. ఆ ఒక్క లారీ మీద బతికే ఇంటికి మాత్రం జేబుకు పడ్డ చిల్లు. ఫైనాన్స్ వాయిదా, డీజిలు, టోలు, క్లీనరు బత్తా... ఇవన్నీ పోను మిగిలే నాలుగు రూపాయల్లోంచే టైర్లకీ తీయాలి. పెద్ద లారీకి వేసే కొత్త టైరు ఒక్కొక్కటి 20 వేల రూపాయలు దాటుతుంది. పది చక్రాల బండికి అన్నీ మార్చాలంటే 2 లక్షల పైమాటే. అంటే ఓ పిల్లవాడి ఇంజినీరింగ్ చదువులో రెండు మూడేళ్ల ఫీజు. ఆ టైర్లు కాలం తీరకముందే గుండయి కూర్చుంటే ఆ ఇల్లాలి గాజులు ఏ తాకట్టు కొట్టుకి వెళ్తాయో వేరే చెప్పక్కర్లేదు.

తమాషా ఏంటంటే... చాలాసార్లు అరిగేది ముందు టైరు. తప్పు మాత్రం వెనక ఇరుసుది!

‘వెనకది ఎవరు చూశారు?’

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లోనో పొద్దున్నే కమాన్ షెడ్డు ముందు నిలబడితే ఇలాంటి గోడు వినిపిస్తుంటుంది. లారీ సొంతదారే డ్రైవరు కూడా అయితే మాటలు ఇంచుమించు ఇలా నడుస్తాయి.

‘బండి ఎడమకి లాగేస్తోందన్నా. పొద్దస్తమానం స్టీరింగు కుడికి పట్టుకునే ఉండాలి. భుజాలు పీక్కుపోతున్నాయి.’

‘అలైన్‌మెంట్ చూపించావా?’

‘రెండుసార్లు చూపించా. బాగానే ఉందన్నారు.’

‘వాళ్లు చూసింది ముందుది. వెనకది ఎవరు చూశారు?’

అంతదాకా గట్టిగా మాట్లాడిన డ్రైవరు నీళ్లు నములుతాడు.

‘ఈమధ్య కమాన్ పనేమైనా చేయించావా తమ్ముడూ?’

‘అంటే... లోడు వేస్తే బాగా కుంగుతోందని వెనక రెండు పట్టీలు ఎక్కించానన్నా.’

ఇంకేం! రోగం దొరికిపోయింది.

మన దగ్గర లారీ అంటే షోరూములో తాళాలు తీసుకుని తోలుకొచ్చే వస్తువు కాదు. చాలాకాలం పాటు కంపెనీ ఇచ్చింది ఇంజిను, ఛాసిస్, చక్రాలే. తలకి తుండు చుట్టుకుని, కళ్లకి అద్దాలు పెట్టుకుని, ఎండలో వానలో ఆ ఉత్త ఛాసిస్సును తోలుకొచ్చే డ్రైవరు పాత తరంవాళ్లందరికీ గుర్తుండే ఉంటాడు. క్యాబిన్, తొట్టి, రంగులు, అద్దం పైన దేవుడి బొమ్మ... ఆ తర్వాత ఆటోనగర్‌లో అమరేవి. క్యాబిన్ల మీద ప్రభుత్వ నిబంధనలు బిగిశాయి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీల క్యాబిన్‌కి ఏసీ ఉండాలన్న రూలూ వచ్చింది. అయినా తొట్టి కట్టించుకోవడం, కింద కమాన్లు సరిచేయించుకోవడం మాత్రం ఇప్పటికీ యజమాని చేతిలో పనే. గడ్డిలోడు బండికి ఒకలా కావాలి, కోళ్ల బండికి ఒకలా. గ్రానైట్ దిమ్మలు మోసేదానికి మరోలా. అమెరికా కుర్రాళ్లు సరదాకి చేయించుకునే ‘కస్టమ్ ట్రక్కు’లు మన దగ్గర పొట్టకూటి కోసం ఎప్పట్నుంచో ఉన్నాయన్నమాట.

చిక్కల్లా ఒక్కటే. పైన ఏం మార్చినా బండి నడకకి వచ్చే నష్టం తక్కువ. కింద కమాన్ విప్పారంటే మాత్రం వెనక ఇరుసును కదిపినట్టే.

ఒక్క బోల్టు మీద ఆధారం

వెనక ఇరుసు... షెడ్డు భాషలో హౌసింగ్... ఛాసిస్‌కి నేరుగా బిగించి ఉండదు. రెండు పక్కలా ఉన్న కమాన్ కట్టలే దాన్ని పట్టుకుని ఉంటాయి. కట్టలో అన్నిటికంటే పొడవైనది మెయిన్ పట్టీ. దాని ముందు కొసన గుండ్రంగా చుట్టిన కన్ను ఉంటుంది. ఆ కన్ను ఛాసిస్ బ్రాకెట్‌లో పిన్నుతో కదలకుండా కూర్చుంటుంది. వెనక కొస మాత్రం అటూ ఇటూ ఊగే షేకిల్‌కి తగిలించి ఉంటుంది. బరువు పడినప్పుడు పట్టీ సాగి పొడవవుతుంది కదా, ఆ పొడవు ఎటో పోవాలి. అందుకే వెనక వైపు వదులు.

అంటే ఇరుసు ఎక్కడ ఉండాలన్నది ముందు కన్ను నుంచి కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు దాకా ఉన్న దూరాన్ని బట్టే తేలుతుంది. ఆ బోల్టు తల హౌసింగ్ మీదున్న గుంటలో దిగి కూర్చుంటుంది. దానిమీద యూ బోల్టులు కదలకుండా నొక్కి పట్టుకుంటాయి. వేలెడు బోల్టు... టన్నుల బరువున్న బండికి దారి చూపించేది అదే!

ఇప్పుడు రెండు పట్టీలు ఎక్కించాలంటే ఏం చేయాలి? యూ బోల్టులు విప్పాలి, సెంటర్ బోల్టు తీసేయాలి, కట్ట మందం పెరుగుతుంది కాబట్టి పొడవైన బోల్టులు వేయాలి. తిరిగి బిగించేటప్పుడు బోల్టు తల గుంటలో సరిగ్గా కూర్చోకపోతే ఇరుసు జరిగినట్టే. కొత్త మెయిన్ పట్టీకి బెజ్జం నాలుగైదు మిల్లీమీటర్లు పక్కన పడినా అంతే. కొన్ని కమాన్లలో ముందు సగం, వెనక సగం సమానంగా ఉండవు. హడావుడిలో తిరగేసి బిగించారా... ఇక చెప్పేదేముంది!

మరో పొరపాటు డబ్బు మిగుల్చుకుందామన్న ఆశతో వచ్చేది. ఎడమ కమాన్ విరిగింది కాబట్టి ఎడమ పక్క మాత్రమే కొత్తది వేయించడం. బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలతలు చక్కగా సరిపోతాయి. లోడు పడగానే కొత్తది బింకంగా ఉంటుంది, పాతది నడుం విరిగిన ముసలి ఎద్దులా చదునైపోతుంది. ఒకటి ఎక్కువ సాగింది, మరొకటి తక్కువ. ఇరుసు ఒకపక్క వెనక్కి జరిగింది. షెడ్డులో తిన్నగా ఉన్న బండి హైవే ఎక్కగానే అడ్డం తిరగడం వెనక రహస్యం ఇదే. కమాన్లు ఎప్పుడూ జతగా మార్చాలని పాత మేస్త్రులు పోట్లాడేది ఇందుకే. దాన్ని యజమానులు వ్యాపారం కోసం చెప్పే మాటగా తీసుకుంటారు, అదీ చిక్కు.

అయిదు మిల్లీమీటర్లు ఏం చేస్తాయి?

‘అయిదు మిల్లీమీటర్లకే అంత గొడవా?’ అనిపిస్తుంది ఎవరికైనా. ఓ చిన్న లెక్క వేసి చూద్దాం.

రెండు కమాన్ల మధ్య దూరం ఇంచుమించు మీటరు అనుకోండి. ఎడమ పక్క ఇరుసు కుడిపక్క కంటే 5 మి.మీ. ముందుకి జరిగింది. చక్రాలు కమాన్ల కంటే ఇంకా బయటికి ఉంటాయి కాబట్టి వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు రెట్టింపు. ఇప్పుడు వెనక చక్రాలు మీటరు దూరం దొర్లిన ప్రతిసారీ 5 మి.మీ. కుడికి నెడుతుంటాయి. కిలోమీటరుకి 5 మీటర్లు! వెనక భాగం కుడికి పోతుంటే ముక్కు ఎడమకి తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగును కుడికి పట్టి ఉంచితేగానీ బండి రోడ్డు మీద నిలవదు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 4 మీటర్ల దూరం ఉన్న లారీ ఈ లెక్కన 2 సెంటీమీటర్ల అడ్డంతో పోతుంటుంది. అది కంటికి ఆనదు. బస్సులోంచి చూస్తేనే కనిపించేంత వంకర ఉందంటే లోపల తేడా సెంటీమీటర్లలోకి వెళ్లిపోయిందనే అర్థం.

మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచుకి వాలుగా ఉంటాయి. ఎడమన నడిచే మనకి బండి కాస్త ఎడమకి జారడం మామూలే. అందుకే డ్రైవరు మొదట్లో రోడ్డును తిడతాడు. తర్వాత టైరులో గాలి చూపిస్తాడు. ముందు టైర్లలో ఒకటి లోపలి అంచున, రెండోది బయటి అంచున అరగడం మొదలయ్యాక అలైన్‌మెంట్‌కి పరుగెడతాడు. అక్కడ చాలాచోట్ల ముందు చక్రాలు ఒకదానికొకటి సమానంగా ఉన్నాయా అన్నదే చూస్తారు. ‘బాగానే ఉంది’ అంటారు. నిజమే, వాటికవి బాగానే ఉన్నాయి. కడుపులో పుండుకి నాలుక చూపించినట్టు ఉంది వ్యవహారం!

వెనక రెండు ఇరుసులున్న పది చక్రాల బండి సంగతి మరీ ఘోరం. ఒక్క ఇరుసు వంకరగా ఉంటే బండి మొత్తం ఆ వంకరకి సర్దుకుని ఏటవాలుగానైనా పోతుంది. రెండు ఇరుసులు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే? ఒకటి కుడికంటుంది, ఒకటి ఎడమకంటుంది. రెండూ పోట్లాడుకుంటే మధ్యలో నలిగేవి ఎనిమిది టైర్లు. దొర్లాల్సిన రబ్బరు రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది. దానికయ్యే డీజిలు అదనం. బోగీ రకం బళ్లలో ఇరుసుల్ని పట్టుకునే టార్క్ రాడ్ల రబ్బరు బుష్‌లు అరిగిపోయినా ఇదే గతి. వంద రూపాయల వస్తువు దగ్గర బద్ధకిస్తే వేల రూపాయల టైర్లు పోతాయి.

ఇల్లు కట్టే లెక్కే!

మరి ఇరుసు తిన్నగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పెద్ద వర్క్‌షాపుల్లో చక్రాలకి తగిలించే లేజర్ పరికరాలొచ్చాయి. వెనక ఇరుసు కోణం కూడా తెరమీద చూపిస్తాయి. అవి లేని షెడ్డులో ఓ టేపు, తాడుకి కట్టిన తూకం గుండు, సుద్దముక్క ఉంటే చాలు. ఇల్లు కట్టించినవాళ్లందరికీ ఈ విద్య తెలిసే ఉంటుంది. పునాదికి ముగ్గు పోసేటప్పుడు తాపీమేస్త్రి ఏం చేస్తాడు? ఎదురెదురు భుజాలు కొలిచి ఊరుకోడు. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి అడ్డంగా కూడా టేపు లాగుతాడు. రెండూ ఒకటైతేనే మూలమట్టం కుదిరినట్టు. భుజాలు సమానంగా ఉన్నా గది పక్కకి వాలిపోయి ఉండొచ్చు. కర్ణాలు మాత్రం అబద్ధం చెప్పవు.

లారీ కిందా అంతే. చదునైన గచ్చు మీద బండిని కొన్ని మీటర్లు తిన్నగా ముందుకి తోలి ఆపాలి. వంకరగా తెచ్చి ఆపితే కమాన్లలో, బుష్‌లలో మెలిక మిగిలిపోతుంది. చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. ఛాసిస్‌కి రెండు పక్కలా కంపెనీ వేసిన బెజ్జాలు ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న ఓ జత ఎంచుకుని వాటినుంచి గుండు వదిలి, నేలమీద అది తాకిన చోట సుద్దతో గుర్తు పెడతారు. తర్వాత వెనక ఇరుసు రెండు కొసల నుంచీ అలాగే రెండు గుర్తులు. బండిని పక్కకి తీసేస్తే గచ్చు మీద నాలుగు చుక్కలు. వాకిట్లో ముగ్గులాగే!

ఎడమ చుక్కల మధ్య దూరం, కుడి చుక్కల మధ్య దూరం, రెండు కర్ణాలు. ఇవి కుదిరితే ఇరుసు తిన్నగా, నడిమధ్యలో ఉన్నట్టు. ఎడమకీ కుడికీ తేడా 3 మి.మీ. లోపు ఉంటే ఫరవాలేదంటారు. భుజాలు సమానంగా ఉండి కర్ణాలు కలవలేదంటే ఇరుసు అడ్డంగా పక్కకి జరిగి ఉంటుంది. లేదా ఛాసిస్సే మెలి తిరిగి ఉంటుంది. అందుకే తెలివైన మేస్త్రి ఇరుసు జోలికి వెళ్లకముందే ఛాసిస్ బెజ్జాల మధ్యే ఓసారి కర్ణాలు కొలుస్తాడు. ఎప్పుడో గుద్దుకుని వంగిన ఛాసిస్‌ని వదిలేసి ఇరుసును ఎంత సరిచేసినా వృథా. రెండు ఇరుసుల బండిలో మొదటిదాన్ని ఛాసిస్‌కి సరిచేసి, రెండోదాన్ని మొదటిదానికి సరిచేయాలి. క్రమం తప్పితే మళ్లీ మొదటికే!

సరిచేయడం అంటే సుత్తితో బాదడం కాదు. యూ బోల్టులు వదులుచేసి, సెంటర్ బోల్టు తల గుంటలోకి దిగేలా ఇరుసును జరపాలి. బుష్‌లు, పిన్నులు అరిగితే మార్చాలి. టార్క్ రాడ్లుంటే వాటి దగ్గర పలుచటి రేకులు తీసో వేసో పొడవు సర్దాలి. విప్పిన యూ బోల్టులే తిరిగి బిగించడం పొదుపు అనిపిస్తుంది గానీ, ఒకసారి సాగిన బోల్టు పట్టు నిలవదు. కొత్తవి వేసినా కొన్ని వందల కిలోమీటర్లు లోడుతో తిరిగాక మళ్లీ బిగించాలి. ఈ రెండోసారి బిగింపుకి తిరిగొచ్చే బళ్లు చాలా తక్కువ. అప్పటికి బండి ఏ నాగపూర్‌లోనో, ఏ చెన్నైలోనో ఉంటుంది మరి!

పట్టీలకి గ్యాస్ మంట పెట్టి వంచడం, వెల్డింగ్ చేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. కమాన్ ఉక్కుకి ఆ స్ప్రింగు గుణం కొలతగా కాల్చి, చల్లార్చి తెచ్చినది. మళ్లీ మంట తగిలిందా, అది మామూలు ఇనప పట్టీయే.

అక్కడ సరదా... ఇక్కడ జీవనం

ఇదే కొలత అమెరికాలో కుర్రాళ్లని కూడా ఏడిపిస్తుంటుంది. మనవాళ్లు లోడు కోసం బండిని లేపుతారు, వాళ్లు అందం కోసం కిందికి దించుతారు, అంతే తేడా. కాలిఫోర్నియాలో ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే చక్రం రిమ్ము కంటే బండిలో ఏ భాగమూ కిందికి ఉండకూడదని 1958లో చట్టమే వచ్చింది. 1959లో రాన్ అగిర్రే తన కార్వెట్ కారుకి విమానాల్లో వాడే హైడ్రాలిక్ పంపులు బిగించాడు. మీట నొక్కితే పైకి, మళ్లీ నొక్కితే కిందికి! అలా మొదలైన సరదా పికప్ ట్రక్కులకీ పాకింది. ఇప్పుడు హైడ్రాలిక్ పంపులతో పాటు గాలి స్ప్రింగులూ వాడుతున్నారు. మన గరుడ వోల్వో బస్సుల కింద మెత్తగా ఊగేవి కూడా గాలి స్ప్రింగులే.

అక్కడి పాత షెవర్లే సీ10 పికప్ మీద ఈ కుర్రాళ్లకి మోజెక్కువ. 1960 నుంచి 1972 వరకు వచ్చిన ఆ బళ్లలో చాలావాటికి వెనక కమాన్ పట్టీలుండవు. ఇరుసును రెండు పొడవాటి చేతులు ముందు నుంచి పట్టుకుంటాయి. అది పక్కకి జరగకుండా అడ్డంగా ఒక రాడ్డు. ఆ రాడ్డు ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస ఇరుసుకి. బండిని బాగా దించారనుకోండి, రాడ్డు తలుపులా ఓ వంపు తిరుగుతుంది. దానితోపాటు ఇరుసూ పక్కకి జరుగుతుంది. ఒకపక్క టైరు ఫెండర్ లోపలికి పోతుంది, రెండో పక్కది బయటికి పొడుచుకొస్తుంది. వేల డాలర్లు పోసి రంగులేయించాక ఇది బయటపడితే ఎలా ఉంటుంది? అందుకే పొడవు సర్దుకునే రాడ్లు వచ్చాయి. పాత చేతులు తీసేసి నాలుగు రాడ్లతో ఇరుసును పట్టించేవాళ్లకి ఇంకో తంటా. ఆ రాడ్ల కొసలకి మరలుంటాయి. ఒక్క చుట్టు అటో ఇటో తిప్పితే ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చేస్తుంది. ఎడమ పక్క నాలుగు చుట్లు, కుడిపక్క మూడు చుట్లు తిప్పి మర్చిపోయినవాడి బండి కూడా మన లారీలాగే ఏటవాలుగా పోతుంది.

వాళ్లు దీనికి కనుక్కున్న ఉపాయం మనకీ పనికొస్తుంది. బండి ఏ ఎత్తులో తిరుగుతుందో ఆ ఎత్తులో ఉంచే కొలవాలి. జాకీల మీద వేలాడుతున్నప్పుడు కాదు. లారీ విషయంలో వీలైతే ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి.

క్రౌన్ ముక్కు ఎటు చూస్తోంది?

ఇరుసు పైనుంచి చూస్తే తిన్నగా ఉండటం సగం పనే. పక్కనుంచి కూడా చూడాలి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే జాయింట్ షాఫ్టు ఇరుసు మధ్యలో ఉండే క్రౌన్‌లోకి వెళ్తుంది. కమాన్ కట్ట మందం మారినా, కింద దిమ్మ పెట్టినా ఆ క్రౌన్ ముక్కు పైకో కిందికో వాలుతుంది.

షాఫ్టుకి రెండు చివరలా క్రాస్ జాయింట్లుంటాయి. కోణంలో తిరిగే క్రాస్‌కి ఓ చెడ్డ గుణం. ఒక చుట్టు పూర్తయ్యేలోపు షాఫ్టును రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. రెండో చివరనున్న క్రాస్ కూడా అంతే కోణంలో ఉంటే ఈ చివర చేసిన తప్పును ఆ చివర దిద్దేస్తుంది. ఒక డిగ్రీకి మించి తేడా వచ్చిందా, అదురు మొదలవుతుంది. ఓ వేగం దగ్గర క్యాబిన్ అంతా గిజగిజలాడుతుంది, ఆ వేగం దాటితే తగ్గుతుంది. డ్రైవరు ఇంజిన్ మౌంటింగులు మార్పిస్తాడు, చక్రాలు బ్యాలెన్స్ చేయిస్తాడు, చివరికి క్రాసే విరుగుతుంది. పరుగు మీద షాఫ్టు ఊడి రోడ్డుని పొడిస్తే ఆ ప్రమాదం డ్రైవరొక్కడితో ఆగదు. దీనికి మందు చిన్నదే. కమాన్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఒకపక్క మందంగా, ఒకపక్క పలుచగా ఉండే వెడ్జి ప్లేటు వేసి ముక్కు సర్దడం. కోణం చూసే చిన్న పరికరం లేకుండా కంటి అంచనాతో వేస్తే మాత్రం ఉన్నది పోయి ఉంచుకున్నదీ పోతుంది.

పట్టీ పెరిగింది... బ్రేకు పెరిగిందా?

అసలు పట్టీలు ఎందుకు ఎక్కించాల్సి వస్తోంది? కారణం అందరికీ తెలిసిందే. కిరాయి టన్నుకి ఇంత అని ఇస్తారు. డీజిలు ధర పెరిగినట్టు కిరాయి పెరగదు. మిగలాలంటే ఇంకో రెండు టన్నులు వేయాలి. 2018 జులైలో కేంద్రం లోడు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకి 10.2 టన్నులున్నది 11.5 టన్నులైంది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకి చేరింది. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి, పెంచినదాని మీద ఇంకో రెండు వేసేవాళ్లు ఉండనే ఉన్నారు.

పట్టీ వేస్తే కమాన్‌కి బలం వస్తుంది. కానీ బ్రేకు డ్రమ్ములు, ఇరుసు, టైర్లు, ఛాసిస్ మాత్రం కంపెనీ ఇచ్చినవే. కుంగకుండా నిలబడ్డ బండిని చూసి లోడు సరిపోయిందనుకోవడం కంటికి కట్టిన గంత. ఘాట్‌లో దిగేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

చట్టం కూడా ఊరుకోదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ ప్రకారం అనుమతిలేని ప్రతి మార్పుకీ రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ. ఓవర్‌లోడు దొరికితే రూ.20 వేలు, ఆపైన అదనపు టన్నుకి రూ.2 వేల చొప్పున. రెండు మూడు ట్రిప్పుల్లో కూడబెట్టింది ఒక్క చెక్‌పోస్టులో ఊడ్చుకుపోతుంది. విరిగిన కమాన్‌ని కంపెనీ చెప్పిన కొలతల్లోనే జతగా మార్పించడం, ఇరుసును సరిచేయించడం మరమ్మతు. కొత్త ఇరుసు చేర్చడం, ఛాసిస్ పొడిగించడం లాంటివి మాత్రం ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని చేయించాల్సిన పనులు.

నీళ్ల గుంట చెప్పే సాక్ష్యం

టేపు లేదు, గుండు లేదు, లేజర్ అసలే లేదు... రోడ్డు పక్క ధాబా దగ్గర అనుమానం వస్తే ఏం చేయాలి? పాత డ్రైవర్ల దగ్గర దానికీ ఓ చిట్కా ఉంది. చదునుగా, పొడిగా ఉన్న సిమెంటు రోడ్డు చూసుకోవాలి. రెండు బకెట్ల నీళ్లు అడ్డంగా పోసి, స్టీరింగు కదపకుండా బండిని దానిమీంచి తిన్నగా ముందుకి పోనివ్వాలి. ముందు టైర్ల తడి గీతలు, వెనక జంట టైర్ల తడి గీతలు నేలమీద పడతాయి. ముందు గీతకీ వెనక గీతకీ తేడా ఎడమ పక్క ఎంత ఉందో కుడిపక్కా అంతే ఉండాలి. ఒకపక్క జానెడు, ఒకపక్క బెత్తెడు వచ్చిందంటే బండి అడ్డంగా పోతున్నట్టే.

వానాకాలంలో ఆటోనగర్ రోడ్లకి నీళ్లు పోయాల్సిన పని కూడా ఉండదు. పని పూర్తయిన లారీ షెడ్డులోంచి బయటికొస్తుంది. మూలనున్న గుంటలో దిగి, పొడి సిమెంటు మీదికి ఎక్కుతుంది. క్లీనరు కుర్రాడు బండి ఆగకముందే దూకి వెనక్కి పరుగెత్తుతాడు. ఎండకి ఆరిపోయేలోపే ఎడమ గీత దగ్గర ఓసారి, కుడి గీత దగ్గర ఓసారి జానలు పెట్టి కొలుస్తాడు. క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి చూస్తున్న ఓనరుకి అక్కడినుంచే బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు.